బాకుల పుట్టుపూర్వోత్తరాలు

ఎవాల్ట్ ప్లూమాఖర్ కంట తుపాకీ కొసన తగిలించే బాకు పడకూడదు. పడిందా, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి గాని వదలడు. పెళ్ళిపందిట్లోనైనా సరే, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడైనా సరే.

కత్తులకు పేరుపడ్డ జర్మన్ ఊరు జోలింగెన్‌లో మా ఇద్దరి సానరాళ్ళూ పక్కపక్కనే. కిటికీ కింద వుప్పర్ నది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళయింది. అటకల మీద మిగిలిన బాకుల్ని జనం రొట్టెకత్తులుగా మార్పించుకోవడానికి తెచ్చేవారు. తెచ్చినవాళ్ళకు చరిత్ర ఉచితం.

"పద్ధెనిమిది వందల ఎనభై నాలుగు దాకా ఇది చెయ్యంత కత్తి నాయనా! ఆ ఏడు కురచ చేసి చాకు చేశారు, మా తాత సానపట్టాడు. తొంభై ఎనిమిదిలో మళ్ళీ సాగదీశారు, మా నాన్న పట్టాడు. తర్వాత కసాయికత్తిలా కొస వెడల్పు చేశారు. తిరిగి తిరిగి మళ్ళీ చాకు దగ్గరికే వచ్చారు, అది నేను పట్టాను. జనరళ్ళకు కొలత కుదిరేసరికి సానరాతి దుమ్ముకు మా మూడు తరాల ఊపిరితిత్తులు అరిగిపోయాయి!"

"అది సరే పెద్దాయనా, యుద్ధంలో నా బాకు ఏం చేసింది?" అన్నాడు రొట్టెలు కాల్చే రూడీ.

ఎవాల్ట్ ఉక్కు మీద ఊపిరి వదిలాడు. ఆ ఆవిరి విడిపోయే తీరులో ఆయనకు ఏళ్ళూ ఊళ్ళూ కనిపించేవి.

"సార్డీన్ చేపల డబ్బాలు తెరిచింది."

"మొన్న మా బావమరిది బాకూ అదే చేసిందన్నావుగా!"

"అవి హెర్రింగ్ డబ్బాలు."

ఎవాల్ట్ మాట నమ్మితే మనం యుద్ధం చేపల మీదే చేశామని ఊరంతా నవ్వేది.

ఒక శనివారం హెట్విగ్ ఎంగెల్స్ వచ్చింది. భర్త ఆల్విన్ పోయి నెల. యుద్ధం నుంచి వచ్చాక అతను కత్తి ముట్టలేదు, రొట్టె చేత్తోనే తుంచుకునేవాడు. అతని పెట్టెలో దొరికిన బాకును ఆమె బల్ల మీద పెట్టింది.

"చరిత్ర వద్దు ఎవాల్టన్నా. ఒక్క ముక్క చెప్పు. ఎనిమిదేళ్ళు నేను ఎవరి పక్కన పడుకున్నాను?"

మేం సానపట్టి ఆకారం తెస్తాం గాని, బాకుకు పదును పెట్టం. యుద్ధానికి బయల్దేరేటప్పుడు దళంలోనే పెడతారు. ఆ అంచు మీద పదును పెట్టిన సాన గీతలు, వాటి మధ్య దేనికో తగిలి పడిన ఒక నొక్కు నాకూ కనిపించాయి. ఎవాల్ట్ బొటనవేలు నెమ్మదిగా వాటి మీదికి జరిగింది.

"దీనికి పదునే పెట్టలేదు తల్లీ. సార్డీన్ డబ్బాలు."

హెట్విగ్ ఆ వేలి వంకే చూసింది.

"ఆల్వినా? ఆ మనిషికి డబ్బా తెరవడం వస్తేగా! ఇంట్లో అన్నీ నేనే తెరిచాను."

"అందుకేనమ్మా, మొన ఇలా వంకరపోయింది," అన్నాడు తడుముకోకుండా.

ఆమెకు నవ్వు పొంగింది. కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం ఆయనే," అంది. "రొట్టెకత్తి చెయ్యి. ఇంట్లో రోజూ వాడతాను."

ఆమె గడప దాటాక ఆయన చెవిలో అడిగాను: "పదును పెట్టలేదా?"

"ఇప్పుడు పెడుతున్నాగా," అన్నాడు ఎవాల్ట్. "వాగకుండా రాయి మీద నీళ్ళు వదులు."