మాన్యువల్ మావయ్య

పక్కింటి మావయ్య విజయనగరంలో పోయారని మొన్న సాయంత్రం కబురొచ్చింది. ఆయన తమ్ముడు నా ఫోనుకే చేసి చెప్పాడు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మావయ్యైతే ఆ నియమం పెట్టినవాణ్ణి కూడా "ఏటి తెల్సు ఆడికి?" అని తీసిపారేసేవారు. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

ఆయనంత మొండిఘటాన్ని నేను చూడలేదు. ఇక్కడి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు కంట్రోల్ కేబిన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆటోమేటిక్ అన్న మాటంటేనే ఒళ్ళుమంట. "ఆటోలో ఎట్టీసి టీకెల్లిపోయినోడు మనిషి కాడే," అనేవారు. సరే, మిల్లులో అది నిజమే కావచ్చు. చేతిలో ఉన్న డబ్బా ఫోనుకి కూడా అదే సూత్రమా?

రాష్ట్రం దాటితే రోమింగ్ ఛార్జీలు బాదేసే రోజుల్లో, ఆంధ్రాకి దూరంగా, హిందీ రాష్ట్రంలో ఉన్న మా ఖుర్సీపార్‌లో ఆంధ్రా బండెక్కే ప్రతి తెలుగు కుటుంబమూ ముందు మావయ్య ఇంటికి వెళ్ళేది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, మెనూలోకి వెళ్ళి, ఫోను తనంతట తానే ఖరీదైన నెట్‌వర్క్ పట్టుకోకుండా, నెట్‌వర్క్ ఎంపికను మాన్యువల్‌లో పెట్టి ఇచ్చేవారు. మా అమ్మ ఆపరేషన్‌కి విశాఖ వెళ్తుంటే, నా ఫోను దారిలో మూగబోకూడదని స్టేషన్ దాకా వచ్చి, ఎక్కడ ఏ నెట్‌వర్క్ నొక్కాలో నా చేత వల్లెవేయించారు. ఆ మేలు మరిచిపోలేను.

తర్వాత ఆ ఛార్జీలు ఎత్తేశారు. బస్తీ అంతా మారింది, ఈయన మారలేదు. "ఇప్పుడంతా ఫ్రీ మావయ్యా, ఆటోమేటిక్‌లో పెట్టండి, అదే పట్టుకుంటుంది," అంటే పురుగుని చూసినట్టు చూసేవారు. "ఓలే, అడక్కుండా పట్టుకునేదాన్ని నమ్మమంటావేటి?" సుపేలా బజారులో ఫోన్లమ్మే భయ్యా "అంకుల్‌జీ, బదల్ దో," అని మార్చెయ్యమన్న పాపానికి మళ్ళీ ఆ దుకాణం వైపే వెళ్ళలేదు.

ఈమధ్య విజయనగరంలో తమ్ముడి గృహప్రవేశానికి మావయ్య ఒక్కరే వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య ఇక్కడే ఉండిపోయింది. రోజూ సాయంత్రం మావయ్య అక్కడ మేడెక్కి, తెర మీద నెట్‌వర్క్‌ల లిస్టు వచ్చేదాకా నిలబడి, నెట్‌వర్క్ ఎంచుకుని ఆవిడకి ఫోన్ చేసేవారు. ఆ పిలుపు కోసం ఆవిడ పొద్దున్నుంచీ కాచుకుని ఉండేది. మొన్న మధ్యాహ్నం నుంచీ ఆయనకి గుండెల్లో నలతగా ఉందట. ఇంటినిండా స్మార్ట్‌ఫోన్లే. "నా ఫోన్లోంచి వదినతో మాట్లాడీ అన్నయ్యా," అని తమ్ముడు చేతిలో పెట్టబోతే, "ఏ నెట్‌వర్కో ఏటో, నాకెందుకది?" అని తోసేసి మేడెక్కారట. కాసేపటికి తమ్ముడు వెళ్ళి చూస్తే పిట్టగోడకి చేరగిలబడి ఉన్నారట. చేతిలో ఫోను ఇంకా వెతుకుతూనే ఉందట. ఛీ, ఏం పంతం అది! భార్యతో ఆఖరి మాటను ఆ దిక్కుమాలిన లిస్టు పాలు చేశారు.

గేటు దగ్గర కూర్చున్న అత్తయ్యకి నేనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నా ఫోను లాక్కుని, ఇంకా లైన్లోనే ఉన్న మరిదితో అంది:

"ఎవుల ఫోన్లోంచి సెప్పినా నేను నమ్మను బాబూ. నిజఁవైతే మీ అన్నయ్య ఫోన్లోంచి సెయ్యండి."

అవతల బటన్లు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత మరిది ఏడుపు గొంతుతో అన్నాడు: "ఆ లిస్టు నాకు రాదొదినా. ఆటోమేటిక్‌లో ఎట్టీసేను."

వెంటనే అత్తయ్య ఒళ్ళోని ఫోను మోగింది. తెర మీద మావయ్య పేరు. ఆవిడ దాని మీద రెండు చేతులూ కప్పేసి, అది మోగి మోగి ఆగిపోయేదాకా అలాగే కూర్చుంది.