కాయితం వచ్చింది బావా

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ! మన కరెంటు సంఘంలోనే, లైను మీద, స్తంభం ఎక్కే ఉద్యోగం! సంఘం పుట్టాక మన ఊళ్ళలో ఆ పనికి వచ్చిన మొదటి ఆడపిల్ల నా కూతురే. నిన్న మధ్యాహ్నం కాగితం వచ్చింది. నాలుగుసార్లు దానిచేత చదివించుకున్నాను. అయిదోసారి కళ్ళద్దాలు తుడుచుకుని నేనే చదువుకున్నాను. పేరు దానిదే, ఇంటిపేరు మాదే, ఏమీ తేడా లేదు.

ఈ మాట అందరికంటే ముందు వినవలసిన మనిషి, మన లైన్‌మేన్ బావ, పద్నాలుగు రోజుల కిందట వెళ్ళిపోయాడు. ఆ రోజు పొద్దున్న నేను పొలంలో నీళ్ళు కడుతున్నాను. మా అమ్మాయి ఫోను చేసి "నాన్నా, మావ..." అని ఆగిపోయింది. మాట మధ్యలో ఆగే పిల్ల కాదది. ఆగిందంటేనే నాకు తెలిసిపోయింది. పార అక్కడే గట్టు మీద పడేసి వచ్చేశాను. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు వచ్చింది ఈ కాగితం. ఏం తొందరయ్యా బావా నీకు!

మహాజన సభకు సంఘం వారు వేసే పుస్తకంలో బావ గురించి ఒక పేజీ రాయమన్నారు. నేను చదివింది ఏడో తరగతి. రాయడం నాకేం వస్తుందన్నాను. "నువ్వు మాటాడినట్టే రాయి, మేము సరిచేసుకుంటాం" అన్నారు. సంతోషం ఒక పక్క, దుఃఖం ఒక పక్క. ఎటునుంచి ఎటు పోతానో తెలియదు. మీరే సర్దుకోవాలి.

బావ అన్నానని మాకు చుట్టరికం ఉందనుకునేరు. లేదు. మన ఊళ్ళకు స్తంభాలు పాతిన కాలంలో లైన్‌మేన్‌గా వచ్చాడు. ఆయన భార్యను నేను అప్ప అని, అక్క వరసలో పిలవడం మొదలుపెట్టాను. దాంతో ఆయన బావ అయ్యాడు, నేను బామ్మర్దినయ్యాను, మా అమ్మాయికి ఆయన మావ అయ్యాడు. అంతే. మిగతా చుట్టరికాలన్నీ ఏ పాటివో ఈ చుట్టరికం చూశాక తెలిసింది.

మన సంఘం సంగతి తెలియని వాళ్ళ చేతిలో ఈ పుస్తకం పడితే వాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ కరెంటు అమ్మేది సర్కారు కాదు, షావుకారూ కాదు. ఇంటింటి వాళ్ళం వాటా తీసుకుని పెట్టుకున్న సంఘం. కరెంటు వాడుకునేది మేమే, సంఘానికి యజమానులమూ మేమే. ఈ మాట మా అందరికీ నోటితో తెలుసు. ఒంటితో తెలిసినవాడు బావ.

ఆయనకొక అలవాటు ఉండేది. లైను మీద పని ఉంటే తిన్నగా వెళ్ళి కరెంటు తీసేయడు. ముందు వీధిలో ఇల్లిల్లూ తిరుగుతాడు. "అమ్మా, అరగంట కరెంటు తీస్తన్నాను. పప్పు రుబ్బేసుకున్నావేటి?" అంటాడు. "ఇంకా నేదు బావా" అంటే, "అయితే రుబ్బుకో, బేగి కానీ" అని అరుగు మీద కూర్చుంటాడు. ఆవిడ పప్పు మెదిగేదాకా కూర్చుంటాడు! ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరింట్లో ముసలమ్మ ఆక్సిజన్ మెషీన్ మీద ఉంది, అన్నీ ఆయనకు తెలుసు. తోటి పనివాళ్ళు ఎగతాళి చేసేవారు. "నువ్వు గారెలు కూడా తినొచ్చే, అప్పుడెక్కుదాం" అనేవారు. బావ ఒకటే మాట అనేవాడు: "సంఘం ఆల్లది. ఇంటిగలోలికి సెప్పకుండా ఇంట్లో దీపం ఆర్పుతామేటి?"

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఇన్నాళ్ళూ మా ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బావ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఆయన ఎలాంటివాడో మీకు తెలియదు.

దమ్ముల రోజులు. నారు ముదిరిపోతోంది, మడి ఆరిపోతోంది, మోటారు ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తాను. చూస్తే స్విచ్చి కిందకి దించి ఉంది. సర్కారు ట్రాన్స్‌ఫార్మర్ అయితే చెయ్యి వేయడానికి భయపడేవాణ్ణే. మన సంఘం, మన ట్రాన్స్‌ఫార్మర్, నా వాటా కూడా ఉంది కదా అనుకుని పిడి పట్టుకుని స్విచ్చి పైకి ఎత్తేశాను! ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది గాని మోటారు కదల్లేదు. పెట్టె తెరిచి చూస్తే ఫ్యూజులు ఒక్కటీ లేవు. దొంగలెత్తుకుపోయారని తిట్టుకుంటూ లైను వెంట వెళితే, తాటితోపు అవతల స్తంభం మీద బావ కనిపించాడు. తీగ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"బావా! మన ఫ్యూజులు ఎవడో ఎత్తుకుపోనాడు. నాను స్విచ్చి కూడా ఏసినాను, రాలేదు!" అని కింద నుంచి అరిచాను. గొప్ప పని చేసినట్టు!

బావ తీగ వదిలి కిందకు చూశాడు. తరువాత అన్నాడు: "ఫ్యూజులు నా సంచీలో ఉన్నాయిరా. నీలాటోడు ఒకడు వస్తాడని."

కిందకు దిగి గట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. ఆయన ఊళ్ళో ఇల్లిల్లూ చెప్పిన కబురు పొలంలో ఉన్న నాకు అందలేదు. అప్పుడు అర్థమైంది నాకు నేనేం చేశానో. ఆయన ఊరందరికీ చెప్పి నా పరువు తీసినా, ఆఫీసులో రాసిపెట్టినా నేను నోరెత్తగలవాణ్ణి కాదు. నీళ్ళు తాగి మూతి తుడుచుకుని, "ఒరే బామ్మర్దీ, నీకు సిచ్చ ఏస్తన్నాను" అన్నాడు. "ఇకమీదట నాను కరెంటు తీసినప్పుడల్లా ఊరికి సెప్పీ పని నీది. ఇల్లిల్లూ నువ్వే తిరగాల. ఫలానా కాడ నాను స్తంభం మీద ఉన్నానని కూడా సెప్పాల."

అలా నేను ఊరికి కబురు చెప్పేవాణ్ణయ్యాను. జీతం లేదు, బత్తెం లేదు, అయినా ఆ గర్వం ఎంతని చెప్పను! తువ్వాలు భుజాన వేసుకుని వీధి మొదట్లో నిలబడి "లైన్‌మేన్ బావ సాకలోలి మలుపు కాడ స్తంభం మీద ఉన్నాడు, ఎవరూ స్విచ్చిల జోలికి ఎల్లకండి!" అని అరిస్తే, ఆ ప్రాణం నా గొంతులో ఉన్నట్టు ఉండేది. మా ఊరిని చూసి పక్క ఊళ్ళలో కూడా ఒక్కొక్కరు ఆ పని పట్టుకున్నారు. ఇవాళ సంఘంలో అన్ని ఊళ్ళలోనూ కబురు చెప్పేవాళ్ళు ఉన్నారు. అది ఎక్కడ మొదలైందో, ఎవరి బుద్ధితక్కువ వల్ల మొదలైందో ఇప్పుడు తెలిసింది కదా!

పెద్ద తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడిపోయినప్పుడు మీరంతా ఉన్నారు. ఇంటికొక మనిషి వచ్చి మోకులు పట్టి లాగాం. ఆడవాళ్ళు ఉప్మా వండి లైను వెంట పట్టుకొచ్చారు. బావ చివర తినేవాడు. మా ఊరి పెద్దమనిషి ఒకాయన తన వీధికి ముందు ఇమ్మని పట్టుబట్టాడు. మంచినీళ్ళ మోటారుకిచ్చాకే వీధులన్నాడు బావ. "నానెవరో తెలుసా?" అని ఆయన గుడ్లురిమాడు. "తెలుసు బావూ. సంఘంలో నీది ఒక ఓటు, కల్లాల కాడ ఊడ్సీ ముసల్దానిదీ ఒక ఓటు" అని మళ్ళీ స్తంభం ఎక్కేశాడు. కింద ఆ ముసలమ్మ మోకు పట్టుకునే ఉంది. నవ్వు ఆపుకోలేక మోకు వదిలేసింది.

అంతటి మనిషి, మోకాళ్ళు అరిగిపోయి, రిటైరై ఇంట్లో కూర్చున్నాక మా అమ్మాయి దగ్గరకొచ్చాడు.

అది ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివింది. లైను పనికి మనుషులు కావాలని సంఘం ఆఫీసు గోడకు కాగితం అంటించారు. స్తంభం ఎక్కి చూపించాలి, మీటరు చదవాలి, సైకిలు తొక్కాలి. ఆడవాళ్ళు కూడా రావచ్చని రాశారు. అది వెళతానంది, నేను వద్దన్నాను. బావ స్తంభం మీద ఉండగా స్విచ్చి వేసిన చెయ్యి ఇది. రేపు నా కూతురు పైన ఉండగా నాలాంటివాడు ఇంకొకడు రాడా? ఆ సంగతి బావకు చెప్పాను.

"ఆ బయం నీది. దానికెందుకు అంటగడతన్నావు?" అన్నాడు. "నీలాటోలు ఉంటారని తెలిసినోలే పైకెక్కాలిరా. దానికి పుట్టినకాడ నుంచీ తెలుసు గదా!"

ఊరి చివర తీగలు తీసేసి వదిలేసిన సిమెంటు స్తంభం ఒకటి ఉంది. రోజూ తెల్లవారగానే దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మా అమ్మాయి నిక్కరు మీద పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని ఎక్కేది, జారేది, మళ్ళీ ఎక్కేది. మోచేతులు గీసుకుపోయేవి. బిందెలతో వెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూసేవారు. "ఓలే, అలగే మా సెట్టెక్కి కొబ్బరికాయలు దింపీయే!" అని ఒకామె అంటే, "దింపుతాది గాని, నువ్వు కింద నిల్సో" అనేవాడు బావ. ఒకరోజు సగంలో ఆగిపోయి ఏడ్చింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "పైకి సూడకు, కిందకి సూడకు. నీ సేతులు ఎక్కడున్నాయో అక్కడ సూడు" అన్నాడు. పై అంచు ముట్టుకునేదాకా ఆ మాటే అంటూ ఉన్నాడు. ఇవాళ నాకు కూడా ఆ మాటే పనికొస్తోంది.

పరీక్షనాడు ఎక్కేసింది! అందరూ చూస్తుండగా, మగపిల్లలు ఇద్దరు మధ్యలో జారిపోగా, మా పిల్ల పై అంచు ముట్టుకుని దిగింది. బావ అప్పటికే ఊపిరి అందక మంచం పట్టాడు, రాలేకపోయాడు. పరుగున వెళ్ళి చెప్పాం. చేతులు చూపించమన్నాడు. చూసి వదిలేశాడు.

తరువాత రోజులు గడిచాయి గాని కాగితం రాలేదు. బోర్డు కూర్చోవాలన్నారు, సంతకాలు కావాలన్నారు. బావ రోజూ ఒకటే అడిగేవాడు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపలి నుంచి వినిపించేది: "కాయితం వచ్చిందేటిరా?" లేదంటే గోడవైపు తిరిగేవాడు. చివరి రోజుల్లో మాట కూడా సరిగ్గా రావడం లేదు. పోయే ముందురోజు నాకు ఉండబట్టలేక, వచ్చిందని చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. నా మొహం చూసే కనిపెట్టేశాడు. "అబద్దం సెప్పకు. వచ్చినాకే సెప్పు" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే.

చెప్పి ఉంటే ఏమయ్యేది? ఈ పద్నాలుగు రోజులూ అన్నం ముందు కూర్చుంటే ఇదే ఆలోచన. ఒక్క అబద్ధం చెప్పి ఉంటే తృప్తిగా పోయేవాడు కదా!

నిన్న కాగితం జేబులో పెట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చావు జరిగిన ఇంట్లో శుభవార్త చెప్పవచ్చో లేదో తెలియక ఊరికే కూర్చున్నాను. అప్ప నావైపే చూస్తోంది. "ఏటిరా, జేబు మీద సెయ్యి తియ్యవు? గుండె నొప్పేటి?" అంది. మా అమ్మాయి ఏడ్చేసింది. అప్పకు తెలిసిపోయింది. "కాయితమేటి?" అంది. ఔనన్నాను.

తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకు చదువు రాదు. "ఇన్నాళ్ళకా?" అంది. "ఆయన అందరికీ ఎప్పుడో సెప్పీసినాడు గదరా."

"ఏటి సెప్పీసినాడు?"

"ఈ గుంట స్తంభం ఎక్కిందని మీరు సెప్పి ఎల్లారు గదా, ఆ సాయంత్రమే ఫోను పట్టుకున్నాడు. ఊపిరి ఆడదు, అయినా ఆపడు. ఉన్న సుట్టాలందరికీ సెప్పీసినాడు. 'మా గుంటకి ఉజ్జోగం వచ్చీసినాది, లైను మీద సేరిపోనాది' అని. తరవాత కాయితం రాకపోతే ఒకటే బెంగ. నా మాట అబద్దమైపోతాదే అని నన్ను పడుకోనివ్వలేదు. కర్మకొచ్చినోలు ఇద్దరు ముగ్గురు అడగబోనారు కూడా, సావింట్లో ఆ మాటలెందుకని నానే నోరు మూయించినాను."

"నన్ను అబద్దం సెప్పొద్దన్నాడు గదప్పా!"

"నువ్వు సెప్తే అబద్దమే. ఆయన సెప్పింది నిజమే, కాస్త ముందు సెప్పినాడు."

అని నవ్వింది. ఆయన పోయాక అప్ప నవ్వడం అదే. నవ్వుతూ నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి గాని తియ్యలేదు. తరువాత అంది: "సావుకబురు సెప్పి సెప్పి నా నోరెండిపోనాదిరా తమ్ముడా. ఈ కబురు నువ్వు సెప్పు. ఒక్కర్ని కూడా వదలకు."

అందుకని ఇది రాసి ఆఫీసులో ఇచ్చేసి, రేపు పొద్దున్నే బావ చుట్టాల ఊళ్ళకు బయలుదేరుతున్నాను. ముందు విజయనగరంలో బావ తోడల్లుడికి చెప్పాలి. ఆయన కొట్లో బేరాల మధ్య వింటాడు, అందుకని రెండుసార్లు చెప్పాలి. పాలకొండలో మేనల్లుడికి చెప్పాలి. "ఆడపిల్లేటి, స్తంభమేటి" అని ఫోనులోనే నవ్వాడట, వాడికి కాగితం కూడా చూపించాలి. ఎచ్చెర్లలో చదువుకుంటున్న మనవరాలికి చెప్పాలి. బరంపురంలో చెల్లెలికి ఫోను చెయ్యాలి, సగం ఒరియాలో అడుగుతుంది, సగం ఏడుస్తుంది. టెక్కలిలో వియ్యపురాలికి చెప్పాలి, పిల్ల స్తంభం ఎక్కేరోజు చెబితే చూడ్డానికి వస్తానందట. ఆఖరికి నరసన్నపేటలో బావ పెద్దప్ప. తొంభై దగ్గర పడ్డాయి, చెవులు బొత్తిగా వినపడవు, ఫోను పనికిరాదు. ఆవిడ ఎదురుగా వాకిట్లో నిలబడి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేస్తూ, గాలిలో స్తంభం ఎక్కి చూపించాలి.