రాయీ కాఫీపండూ

హుకుంపేట నుంచి అరకు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. రికార్డు పుస్తకం ఒళ్లో పెట్టుకుని తనలో తానే నవ్వుకుంటోంది. ఏమిటమ్మా సంగతి అని అడిగాను.

"ఇయాళే మొదటిసారి బళ్లో సార్‌తో కలిసి పాఠం సెప్పాను. బరువైంది బేగి పడతాదని సార్ అన్నారు. 'కాదు సార్' అని పిల్లల ముందే అనేశాను. నోరు జారిపోనాది. ఇక రికార్డులో సంతకం పెట్టరనుకున్నాను."

"ఆయనేమన్నారు?"

"'అయితే ఏసి సూపించు' అన్నారు. బల్లెక్కి రాయినీ కాఫీపండునీ ఒకేసారి వదిలాను. పిల్లా గుంటలందరూ నేలకి సెవులానించి పడుకున్నారు. రెండిటికీ ఒక్కటే సప్పుడు! సార్ 'తప్పు నాదే, మళ్లీ ఎయ్యి' అన్నారు. గంట కొట్టినా ఎవులూ లెగనేదు."

వింటున్న కండక్టర్ నమ్మలేదు. "రాయే ముందు పడతాది. ఏదీ, సూపించు!"

బస్సు ఆగగానే ఆమె సీటెక్కి, సంచిలోంచి ఆ రెండూ తీసి వదిలింది. బస్సంతా ఒక్క చప్పుడే విన్నది. కండక్టర్ బుర్ర గోక్కున్నాడు. "మళ్లీ ఎయ్యమ్మా!"

నవ్వులు ఆగాక ఆమె నాకు రికార్డు చూపించింది. "ఈమె ఈ రోజు నన్ను సరిదిద్దింది" అని రాసి, కింద ఆ సారు సంతకం పెట్టాడు.

మూఢనమ్మకాల మీద వేదికలెక్కి వాదిస్తూ బతికినవాణ్ణి. ఎందరి చేతో తప్పు ఒప్పించాను. నా తప్పు ఒక్కసారీ ఒప్పుకోలేదు. ఆ ప్రయాణం తర్వాత, మొన్నొక సభలో ఒకావిడ లేచి, నేను చెప్పింది తప్పంది. నాలిక చివరిదాకా వచ్చిన ఎత్తిపొడుపును మింగేసి, "మళ్లీ చెప్పండమ్మా" అన్నాను.