ఇంట్లో పిలిచే పేరు కోసం సుబేదారి దాకా

పండూ, నీలాంటి పిల్లల పని మీదే మొన్న మంగళవారం వరంగల్ పోయి వచ్చాను బిడ్డా. నువ్వు వింటావో లేదో తెలియదు. వినేవాళ్లకు, మాలాగే వెళ్లాలనుకునే తల్లులకు ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పాలి. మాది డోర్నకల్ దగ్గర పల్లె. పండు నా బిడ్డ, ఎనిమిదో తరగతి చదివేది. బడి రిజిస్టరులో దాని పేరు సింధూజ. ఆ పేరుతో దాన్ని మా వాడలో ఎవరూ పిలవలేదు, నేను కూడా పిలవలేదు. రెండేళ్ల కింద ఒకరోజు పదకొండు గంటలకు బడిలో కడుపునొప్పితో పడిపోయింది. అప్పుడు నాకు ఫోన్ లేదు. బడిలో పక్కింటి కిరాణా దుకాణం కొమురమ్మ వదిన నంబరు ఇచ్చి ఉంచాను. బడి ఆఫీసు నుంచి ఫోన్ చేసి సింధూజ మదర్ ఉన్నారా అని అడిగారు. మా వాడలో అట్లాంటోళ్లు ఎవరూ లేరు, రాంగ్ నంబర్ అని వదిన పెట్టేసింది. మళ్లీ చేస్తే కసిరింది కూడా. నేను ఆ దుకాణానికి కేకేస్తే వినపడేంత దూరంలో మిరప చేనులో ఉన్నాను. తల్లి వస్తుందని బడివాళ్లు ఆగారు. మూడు గంటలకు ఒక సారు బండి వేసుకుని వెతుక్కుంటూ వచ్చాడు. దవాఖానకు చేరేసరికి చీకటి పడింది. లోపల పేగు పగిలిందన్నారు, జర ముందు తీసుకురావాల్సింది అన్నారు. నాలుగో రోజు నా బిడ్డ పోయింది.

పండు లేకపోయినా ఈ ఏడు మా బడి తల్లుల కమిటీలో నన్ను వేశారు. నేను అడిగింది ఒకటే. ఫోన్ నంబర్ల పుస్తకంలో పిల్లలను ఇంట్లో పిలిచే పేరుకు ఒక గడి కావాలని. మా పెద్దసారు మంచివాడే, కానీ కొత్త పని అంటే జంకుతాడు. హన్మకొండలో సుబేదారి వైపు ఒక సర్కారు హైస్కూలు ఉంది, అక్కడి ఆఫీసు పద్ధతిగా నడుస్తుంది, చూసి రాసుకొని రండి, వాళ్ల పుస్తకంలో అలాంటి గడి ఉంటే మనమూ పెడదాం అన్నాడు. లేకపోతే పెట్టడు, అది మాటలోనే తెలిసిపోయింది.

ఒక్కదాన్నే పోదామనుకున్నాను. తెల్లారి ఆటో ఎక్కబోతుంటే కొమురమ్మ వదిన సంచి పట్టుకొని నిలబడి ఉంది. పండు పోయినప్పటి నుంచి మా గడప తొక్కలేదు ఆమె. నేనూ పిలవలేదు.

"నేను గుడ వస్తాన, పద్మ" అంది.

జరిగి చోటిచ్చాను.

డోర్నకల్ స్టేషన్‌లో ఏడు గంటలకు ప్యాసింజర్ దొరికింది. టికెట్ నలభై రూపాయల లోపే. పొద్దున పనులకు పోయేవాళ్లు ఎక్కువ, కాబట్టి పావుగంట ముందే వెళ్తే కూర్చునే చోటు దొరుకుతుంది. మహబూబాబాద్ దాటేదాకా నేను ఈ కిటికీలోంచి, వదిన ఆ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. తొమ్మిదికల్లా వరంగల్‌లో దిగాం. స్టేషన్ బయటే హన్మకొండ బస్సులు ఉంటాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు పైసలు లేకుండా జీరో టికెట్ ఇస్తారు. వదిన కార్డును కండక్టర్ తిప్పి తిప్పి చూశాడు.

"గీ ఫోటోల ఉన్నది నువ్వేనా అమ్మా, నీ బిడ్డా?"

"నేనే బిడ్డా. గప్పుడు నా మొగడు మంచిగ చూసుకునేటోడు."

బస్సులో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు వెంటనే నా మీద నాకే కోపం వచ్చింది. హన్మకొండలో దిగి, సుబేదారికి షేర్ ఆటోలో చెరి ఇరవై ఇచ్చాం. పది దాటి ఐదు నిమిషాలకు బడి గేటు దగ్గర ఉన్నాం.

ఆ ఆఫీసు గురించి నిజం చెప్పాలి, చూడగానే కడుపు నిండింది. మా దగ్గర గుమ్మంలోనే ఏం పని అని అడుగుతారు, చెప్పేదాకా నిలబడే ఉండాలి. ఇక్కడ గోడకు ఆనించి బెంచీ ఉంది, పక్కన నీళ్ల కుండ ఉంది. ఏ కాగితానికి ఏం తేవాలి, ఎన్ని రోజులకు ఇస్తారు అన్నది పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టారు. నా అంత చదువు ఉన్నవాళ్లు కూడా చదువుకోవచ్చు. గంటసేపు కూర్చొని చూశాం. వచ్చినవాళ్లను ఎవరూ రేపు రమ్మనలేదు. ఒక ముసలాయనకు కాగితం దొరకలేదు, ఎందుకు దొరకలేదో కూర్చోబెట్టి చెప్పి పంపారు.

ఆఫీసు చూసే ఆయన పేరు యాకయ్య సారు. ఫోన్ నంబర్ల పుస్తకం అడగగానే ముందు పెట్టాడు. ఒక్కో పిల్లకు మూడు నంబర్లు. తల్లిది, పక్కింటివాళ్లది, తీసుకొచ్చే ఆటో అతనిది. నెలకోసారి ఫోన్ చేసి అవి పలుకుతున్నాయో లేదో చూస్తారట. అన్నీ రాసుకున్నాను. గడి మాత్రం లేదు. అయినా అడిగాను.

"సార్, ఇంటి పేరు రాసుకోరా?"

"ఇంటిపేరు ఎందుకుండదమ్మా? ఇగో, అందరి పేర్ల ముంగట ఉన్నది."

"అది కాదు సార్. ఇంట్ల పిలిచే పేరు."

ఆయన నవ్వాడు. "బుజ్జి, చిన్ని, బంటి అని రాసుకుంట కూసుంటే ఇది ఆఫీసు అనిపించుకోదమ్మా, తొట్టెల ఫంక్షన్ అయితది."

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి వదిన ముందుకు వచ్చింది.

"ఆ దినం ఫోన్ ఎత్తింది నేనే సార్" అంది. ఏ దినం, ఏ ఫోన్ అని ఆయన అడగకముందే మొత్తం చెప్పేసింది. "ఆ పిల్ల నా దుకాణంలనే పెన్సిల్లు కొనేది. నా ఒళ్లె ఆడింది. సింధూజ అంటే నాకు ఎరుక లేకపాయె. పండు అంటే చెప్పులు గుడ ఏస్కోకుండ ఉరుకుదును."

యాకయ్య సారు చేతిలో కలం కింద పెట్టాడు. అప్పుడే బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం వచ్చి నిలబడ్డ ఒక తల్లిని పిలిచి, పుస్తకంలో ఆమె బిడ్డ పేరు వెతికాడు. పక్కింటి నంబరు అన్నచోట ఒక చాయ్ హోటల్ నంబరు ఉంది. దానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"వెంకట సాయి సహస్ర వాళ్ల ఇంటోళ్లు ఉన్నరా?"

"ఎవలు? ఆ పేరుటోళ్లు ఎవలు లేరన్నా. ఇది హోటల్."

ఫోన్ కట్ అయింది. ఆ తల్లి ముఖం తెల్లబోయింది. "సార్, మా ఇంట్ల లడ్డు అంటం" అంది మెల్లగా. ఆయన మళ్లీ చేశాడు.

"లడ్డు వాళ్ల ఇంటోళ్లు ఉన్నరా?"

"లడ్డుదా! వాళ్ల నాయన ఇక్కడే చాయ్ తాగుతాండు. ఏమైంది సార్, పిల్లకు మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఫికర్ చెయ్యకుండ్రి, ఊకెనే చేసిన."

ఫోన్ పెట్టేసి, స్కేలు, ఎర్ర కలం తీసి, నంబర్ల పక్కన నిలువుగా గీత గీశాడు. పైన "ఇంట్లో పిలిచే పేరు" అని రాశాడు. "ఆన్‌లైన్ల ఈ గడి ఉండదమ్మా, దాన్ని మనం మార్చలేం. గని ఫోన్ చేసెటప్పుడు మేం చూసేది ఈ బుక్కే" అన్నాడు. ఆ పేజీని నా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. మొదటిది మసకగా వస్తే ఆయనే మళ్లీ తీసిచ్చాడు.

సాయంత్రం బండికి ఇంకా టైమ్ ఉంది. ఖిలా వరంగల్ కోట స్టేషన్‌కు దగ్గరే, చూడాలనుకునేవాళ్లు రెండు గంటలు పెట్టుకోవచ్చు. మాకు మనసు రాలేదు. ప్లాట్‌ఫారం మీద వదిన సద్ది మూట విప్పింది. "నన్ను ఏమన్న అను పద్మ. తిట్టు. ఊకుంటే సస్తాన" అంది. ఏమనను? నా బిడ్డకు రెండు పేర్లు పెట్టి, ఒకటే ఆమెకు చెప్పింది నేనే కదా. ముద్ద కలిపి ఆమె చేతిలో పెట్టాను.

మరునాడు ఫోటో చూసి మా పెద్దసారు గీత గీయించాడు. పేర్లు ఎవరు చెప్పాలి అన్నప్పుడు వదిననే పిలిచారు. దుకాణానికి రాని పిల్లలు మా ఊళ్లో ఎవరుంటారు? సారు బడి పేరు చదవడం, తండ్రి పేరు అడిగి ఆమె ఇంటి పిలుపు చెప్పడం, మధ్యాహ్నం దాకా అట్లా సాగింది. ఒక్కో పేరు చెప్పి, సరిగ్గా రాశారా అని తొంగి చూసేది. నా దుఃఖం దీనితో తగ్గిందని చెప్పను. అది తగ్గేది కాదు. కానీ ఫోన్ మోగితే ఇక ఈ ఊళ్లో ఎవరూ అట్లాంటోళ్లు లేరు అనరు. ఆఫీసు బాగుపడటమంటే పెద్ద బల్లలు, కంప్యూటర్లు అనుకున్నాను ఇన్నాళ్లూ. అడిగినవాళ్లకు, పిలిచినవాళ్లకు అర్థమయ్యేట్టు ఉండటమే అనిపిస్తోంది ఇప్పుడు.

మీరు ఏ బడి ఆఫీసు చూడటానికి పోయినా పదిన్నర తర్వాత వెళ్లండి. ప్రార్థన, హాజరు అయ్యేదాకా వాళ్లకు ఊపిరి ఆడదు, మీకు జవాబు దొరకదు.

ఇంత దూరం చదివారు. పొద్దుపోయి ఉంటుంది. లేచి వేడిగా, కడుపునిండా అన్నం తినండి.