పదకొండో పేజీకి మూలం

దమియానా సుస్కా నలభై ఆరో ఏట మళ్ళీ బడికి వెళ్తానంటే మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు. పద్దెనిమిదో ఏటి నుంచి ద్రాక్షపందిళ్ళ కింద చేతులెత్తి నిలబడి, గుత్తుల్లోంచి చిట్టికాయలు కత్తిరించి పారేస్తూ బతికిన మనిషి ఆమె. ఇరవై ఎనిమిదేళ్లు పైకే చూసి చూసి మెడ కాస్త వెనక్కి వాలిపోయింది. ఆ మెడ వేసుకుని పుస్తకాల మీదికి ఎలా వంగుతుందోనని గుమ్మాల ముందు కుర్చీలేసుకున్న ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఆమె పట్టించుకోలేదు. పగలు తోట, సాయంత్రం బడి, అలా మూడేళ్లు నెట్టుకొచ్చింది. బడిలో గదులు ఊడ్చే ఉద్యోగానికి కూడా ఇప్పుడు పట్టా ఉండాలట. గదులు ఊడవడానికి కవిత్వం ఎందుకో రోములో కూర్చున్నవాళ్ళకే తెలియాలి. కానీ ఆ చీపురు నీడపట్టున పట్టుకునేది. దానికోసం తెల్లారకముందే లేచి మేస్త్రి వ్యాను ఎక్కనక్కర్లేదు. దమియానాకి అంతకంటే ఏమీ వద్దు.

ఆఖరి పరీక్షకి ప్రతివాళ్ళూ ఒక పెద్ద వ్యాసం రాసుకుని, పరీక్షాధికారుల ముందు దాని గురించి మాట్లాడాలి. సాహిత్యంతో మొదలుపెట్టి, సమాజం మీదుగా ప్రపంచ సమస్యల్లోకి దిగాలి. మధ్యలో చరిత్రనీ విజ్ఞానశాస్త్రాన్నీ కూడా ఎలాగోలా ఇరికించాలి. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చినవాడు అడిగినదాన్నల్లా ఆవు దగ్గరికి తోలుకొచ్చినట్టు, మా ఊరి పిల్లలు ఏటా కవిత్వాన్ని తోలుకెళ్ళి అణుబాంబుకి కట్టేస్తుంటారు.

దమియానా తీసుకున్న విషయం 'నేలను నమ్ముకున్న కూలీలు'. నూరేళ్ల కిందటి నవలల్లో కూలీలు ఎలా ఉన్నారు, చట్టం ఏం చెబుతోంది, మెక్సికోలో, మొరాకోలో తోటలు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయి అని పది పేజీలు బుద్ధిగా రాసింది. సాహిత్యం చెప్పే కపూతో టీచరు అదంతా చదివింది.

"బాగుంది. మెక్సికో దాకా వెళ్ళొచ్చావు దమియానా, మన ఊరు మాత్రం రాలేదే? నీ పందిరి ఏదీ ఇందులో?" అని అడిగింది.

ఆ మాటకే ఆమె ఒక్క సాయంత్రంలో పదకొండో పేజీ రాసేసింది. రెండేళ్ల కిందటి జూన్ నెలలో ప్లాస్టిక్ కప్పిన పందిరి కింద ఎండ ఉడికిస్తుండగా, ఒక కూలీ ఆవిడ చేతిలోంచి కత్తెర జారిపోయింది. ఎడమ చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకి పోయింది, మాట ముద్దయింది. అంబులెన్సు పిలవమని ఎవరో అన్నారు. కానీ ఆ రోజు పనిలో ఉన్నవాళ్ళలో సగంమంది పేర్లు రిజిస్టర్లో లేవు, అంబులెన్సు వెనకే పోలీసులొస్తారు. కూలీల్ని తోలుకొచ్చే మేస్త్రి ఆవిడ ఆమెను వ్యానులో పడుకోబెట్టింది. పని దిగేదాకా రెండున్నర గంటలు అక్కడే ఉంచి, ఇంటి దగ్గర దించాకే అంబులెన్సుకి ఫోను చేయించింది. తరవాత విచారణకి వచ్చిన అధికారికి ఆరుగురు ఆడవాళ్ళు కాగితం రాసిచ్చారు. ఆమె పని ముగించుకుని నవ్వుతూ వెళ్ళిందనీ, ఇంట్లోనే పడిపోయిందనీ ఆ కాగితంలో ఉంది.

పేజీలో పేర్లు లేవు. మా ఊళ్ళో పేర్లు చెప్పనక్కర్లేదు. పడిపోయింది అర్కాంజెలా, దమియానా పక్క వరసలో ఇరవయ్యేళ్లు పనిచేసిన స్నేహితురాలు. మేస్త్రి తెరీనా. ఆరు సంతకాల్లో ఐదోది దమియానాది.

తెరీనా పరాయి మనిషైతే ఆ సంతకం పడేది కాదేమో. దమియానా కూతురు మిరెల్లాకి ఆమె జ్ఞానతల్లి, బాప్తిస్మం రోజున బిడ్డను చేతుల్లో పట్టుకున్న మనిషి. ఆనాటి నుంచీ ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. మిరెల్లాకి ద్రాక్ష పెట్టెలు సర్దే షెడ్డులో పని ఇప్పించింది కూడా తెరీనాయే. అర్కాంజెలాకి మాట తిరిగొచ్చింది కానీ ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఇంట్లో పడ్డదానికి తోట యజమాని బాధ్యుడు కాడు కనక పరిహారమూ రాలేదు. కాగితం మీద సంతకం పెట్టిన రోజు నుంచి దమియానా ఆమె గడప తొక్కలేదు. రెండు సందుల దూరం, రెండేళ్లు. సిగ్గు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

టీచరు పదకొండో పేజీ రెండుసార్లు చదివింది.

"దీనికి మూలం రాయాలమ్మా. ఎక్కడ చదివావో, ఎవరు చెప్పారో. మూలం లేకపోతే పరీక్షలో నిలవదు," అంది చివరికి.

దమియానా ఇంటికొచ్చి పుస్తకాల జాబితా అడుగున 'స్థానిక పత్రిక, జూన్ 2014' అని రాసేసింది. అలాంటి వార్త ఏ పత్రికలోనూ రాలేదు. అంత నిజమూ రాసి, చివర్లో దానికి అబద్ధపు మూలం తగిలించింది పిచ్చిది.

అయినా ఆ కాగితాలు బడిలో ఇచ్చి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కొంప ముంచింది వితాంతోన్యో. దమియానా మొగుడు వితాంతోన్యో బంగారంలాంటివాడే కానీ, సంతోషం వస్తే కడుపులో దాచుకోలేడు. మావాళ్ళలో పిల్లలు డాక్టరో లాయరో అయితే వాళ్ళు రాసిన పరిశోధనని గట్టి అట్టతో కట్టించి, బంగారు అక్షరాలు కొట్టించి, బంధువులకూ జ్ఞానతల్లులకూ పంచుతారు. తన పెళ్ళాం వాళ్ళకేం తీసిపోయిందనుకున్నాడో ఏమో, ఒక ప్రతి తీయించుకురమ్మని పంపితే ఎర్ర అట్టతో ఎనిమిది కట్టించాడు. లోపల ఏముందో చూడలేదు. అట్ట మీద పెళ్ళాం పేరు చూసుకుని మురిసిపోయాడు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీ సంచి ఊపుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఒకటి బడికి, ఒకటి మనకి. మిగతా ఆరూ పంచేశానే!"

"ఎవరికి పంచావు?"

"మా అన్నకి, మీ అక్కకి, ఫాదర్‌గారికి, మందులషాపాయనకి, మన మిరెల్లాకి. అన్నిటికంటే ముందు తెరీనా వదినకి. మర్యాద మర్యాదే కదా! బాదం బిస్కెట్లు కూడా పట్టుకెళ్ళా."

దమియానా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నువ్వు చదివావా అది?"

"నేనెందుకే చదవడం, రాసింది నువ్వు కదా?"

"పదకొండో పేజీ తియ్యి. నిలబడి కాదయ్యా, కూర్చుని చదువు."

కూర్చుని చదివాడు. చదివాక లేవలేదు. పొయ్యి మీద టమాటా గుజ్జు మాడి ఇల్లంతా వాసనొస్తున్నా ఇద్దరిలో ఎవరూ స్టవ్ కట్టలేదు.

మర్నాడు దమియానా అందరికంటే ఆఖర్న వ్యాను ఎక్కింది. తెరీనా ఎప్పటిలాగే కత్తెరలు పంచింది, ఎవరే వరసో చెప్పింది, ఎండెక్కాక నీళ్ళ సీసా తెచ్చిచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తిట్టినా బాగుండేది. నాలుగో రోజు మేస్త్రి ఆమె వరసలోకి వచ్చి పక్కన నిలబడింది.

"పుస్తకం చదివా వదినా. అట్ట బాగా కుదిరింది."

దమియానా కత్తెర ఆపలేదు.

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే వారం, శుక్రవారం. ఇంటిపేర్ల మొదటి అక్షరానికి చీటీ తీశారు, ఎస్ వచ్చింది. నేనే మొదట."

"నేనూ వస్తాలే. మన ఇంట్లో మొదటి పట్టా, పువ్వులు లేకుండా ఎలా?" తెరీనా ఒక గుత్తి పట్టుకుని చిట్టికాయ గిల్లి పారేసింది. "ఎవరైనా అడిగితే కథ అని చెప్పు. కథలు రాసుకుంటే తప్పేముంది? షెడ్డులో పర్మినెంటు చేసేవాళ్ళ పేర్లు కూడా ఈ నెల్లోనే రాస్తున్నారు. మిరెల్లా పేరు నేనే చెప్పా. మంచి పిల్ల."

ఆ గొంతులో బెదిరింపు లేదు. ఉన్నది నిజమైన ఆపేక్షే. దమియానాకి అందుకే ఎక్కువ భయం వేసింది.

ఆ సాయంత్రం కూతురు కూడా అదే మాట అంది.

"కథ అని చెప్పెయ్యమ్మా. నువ్వు నిజం చెబితే అర్కాంజెలా పిన్నికి చెయ్యి తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి ఎవరికోసం?"

దమియానా లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. 

మా దగ్గర ఆ నోటి పరీక్షకి తలుపులు తీసే ఉంటాయి. ఎవరైనా వచ్చి వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, నోరు మాత్రం మెదపకూడదు. శుక్రవారం పొద్దున వితాంతోన్యో పెళ్ళినాటి కోటు వేసుకుని జూలై ఎండలో చెమటలు కక్కుతూ మొదటి వరసలో కూర్చున్నాడు. రెండో వరసలో తెరీనా ఒళ్ళో ఇంత పెద్ద పూలగుత్తి పెట్టుకుని కూర్చుంది. బల్ల అవతల ఏడుగురు పరీక్షాధికారులు, కపూతో టీచరుతో కలిపి. మధ్యనున్న అధ్యక్షుడు లెచ్చె పట్నం నుంచి వచ్చిన సన్నటి ముసలాయన, ఎవరినీ ఎరగడు. ఎర్ర అట్ట పుస్తకంలో పసుపు చీటీలు అంటించుకున్నాడు.

దమియానా బాగా మాట్లాడింది. నవలలు చెప్పింది, చట్టం చెప్పింది, మెక్సికో చెప్పింది. కపూతో టీచరు ముఖం విప్పారింది. పదో పేజీ అయిపోగానే ఆమె ఆగింది. అయిపోయిందన్నట్టు కాగితాలు సర్దుకుంది.

"సుస్కాగారూ, ఒక్క పేజీ మిగిలింది," అన్నాడు అధ్యక్షుడు పసుపు చీటీ దగ్గర తెరిచి. "ఈ పత్రిక కోసం వెతికించాను. ఆ నెల సంచికలన్నీ చూశాం. ఈ వార్త లేదు."

పుస్తకం ఆమె వైపు తిప్పి పెట్టాడు.

"కల్పించి రాసుంటే ఆ మాటే చెప్పండి. సాహిత్యమే కదా, కల్పనకి మార్కులేం పోవు. జాబితాలో ఆ ఒక్క లైను కొట్టేస్తాను. జరిగిందంటే మాత్రం మూలం చెప్పాలి."

పాపం, ఆ పెద్దమనిషి మంచితనంతోనే అన్నాడు. ఒక్క మాటంటే చాలు. ఆ మాటతో పట్టా వస్తుంది, మిరెల్లా ఉద్యోగం నిలుస్తుంది, రేపు ఆదివారం తెరీనా వదిన భోజనానికొస్తుంది. వెనక పూలగుత్తికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం గరగరలాడింది. దమియానా తిరిగి చూడలేదు. అంబులెన్సు పిలవమన్నది ఎవరో కాదు, తనే. ఒక్కసారి అని ఊరుకుంది. రెండోసారి అనలేదు. అది పదకొండో పేజీలో కూడా రాసుకోలేకపోయింది.

"కథ..." అంది. గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది. "కథ కాదు సార్. పత్రికే అబద్ధం. మూలం నేను. ఆమెకి నీళ్ళు పట్టబోతే మూతిలోంచి కారిపోయాయి, తుడిచిన గుడ్డ నాదే. ఇంట్లో పడిందని రాసిచ్చిన ఆరుగురిలో నేనొకదాన్ని. ఐదో సంతకం నాది."

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు.

"అమ్మా, ఇక్కడ అన్న ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుంది. తెలుసు కదా?"

"ఎక్కనివ్వండి సార్."

బయట వరండాలో తెరీనా ఎదురుచూస్తోంది. పూలగుత్తి దమియానా చేతుల్లో పెట్టింది.

"తీసుకో. నీకోసం కొన్నవి, నేనేం చేసుకుంటాను." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సోమవారం నించి వ్యానులో నీకు చోటు లేదు. మిరెల్లా సంగతి ఇంక నా చేతిలో లేదు."

"సరే వదినా."

"వదినా అనకు."

అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ల వరస ఆ మెట్ల దగ్గర తెగిపోయింది. దమియానా పువ్వులు మొగుడి చేతికిచ్చి, ఇంటికి వెళ్ళమని చెప్పి, తను ఇల్లు దాటుకుని ఆ రెండు సందులూ నడిచి అర్కాంజెలా తలుపు కొట్టింది.

అర్కాంజెలా కుడిచేత్తో తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. దమియానా గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది.

"మార్కులు బాగా వస్తాయా?" అని అడిగింది అర్కాంజెలా అంతా విన్నాక.

"వస్తాయనే అంటున్నారు."

"రావాలి మరి. నా చెయ్యి పెట్టుబడి పెట్టి రాశావు."

దమియానా తలొంచుకుంది.

"తిట్టవే. ఎంతైనా తిట్టు."

"తిట్టుకుంటూ రెండేళ్లు గడిపా, విసుగొచ్చింది. ఆ మాస్టార్ల ముందు చెబితే నాకేం ఒరిగిందే? కార్మిక సంఘం ఆఫీసు ఒంటిగంట దాకా ఉంటుంది. అక్కడ లాయరున్నాడు. అతని ముందు చెబుతావా?"

"పద."

"రేపంటావేమో అనుకున్నా."

"ఇప్పుడే పద."

అర్కాంజెలా గోడ దగ్గరున్న చెప్పులు కాలితో ముందుకు లాక్కుని కుర్చీలో కూర్చుంది. వాటికి పట్టీలున్నాయి. ఒంటిచేత్తో బిగించుకోలేదు, రోజూ పక్కింటామెను పిలుస్తుంది. ఆ మాట చెప్పలేదు, ఊరికే కాళ్ళు ముందుకు చాపింది.

దమియానా నేల మీద కూర్చుని మొదటి చెప్పు తొడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లు గుత్తుల్లోంచి ఆవగింజంత కాయలు ఏరిన వేళ్ళకి పట్టీ రంధ్రం దొరకలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఒకసారి జారింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది.

"మెల్లిగానే పెట్టవే," అంది అర్కాంజెలా, పైనుంచి ఆ వంగిన మెడనే చూస్తూ. "ఇంకా అరగంట టైముంది."