శనివారం నా చేతికిచ్చిన డిస్క్

ఎనిమిదేళ్లుగా గుండెల మీద కుంపటి పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పవలసిన మనిషికే చెప్పేవాణ్ణి.

మా దీవుల్లో, సిప్పీఘాట్‌లో ఒక పడవల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆఫీసుకంతటికీ ఒకే కంప్యూటర్. మా పడవల మీద ఎవరెవరు ఎన్ని రోజులు సముద్రంలో ఉన్నారో ఆ వివరాలన్నీ అందులోనే. అవి చూపిస్తేనే పడవ నడిపే లైసెన్సు పరీక్షకు కూర్చోనిస్తారు. తడిసి బూజుపట్టిన పుస్తకాల్లోంచి ఒక్కొక్క పేరూ పోల్చుకుని, ఏళ్ల తరబడి ఎక్కించింది మా దీదీ. రక్తసంబంధం కాదు, ఆఫీసులో నాకంటే పదేళ్లు పెద్ద. ఎక్కించాక పుస్తకాలు పారేశారు.

సునామీ నీళ్లు చూసిన చోటు కదా, మా యజమానికి ఒకటే పట్టుదల: ఒక కాపీ ఎప్పుడూ మెరక మీద ఉండాలి. శనివారం దీదీ అంతా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి నాకిచ్చేది. అది ఆస్టినాబాద్‌లో, గుట్ట మీదున్న మా ఇంట్లో ఉండేది. మళ్లీ శనివారం తెచ్చేవాణ్ణి. ఇంతకంటే తేలిక పని ఉంటుందా?

ఒక ఆదివారం పక్కింటి భయ్యా వైజాగ్ ఓడ దిగి, కొత్త సినిమాలు తెచ్చాడు. అప్పట్లో ఇక్కడి నెట్‌లో సినిమా దించుకోవాలంటే తెల్లారినట్టే. డిస్కులు చేతులు మారాల్సిందే. నా దగ్గర వేరే డిస్క్ లేదు. ఆఫీసు డిస్క్‌లో చోటు చాలలేదు. అందులో ఉన్నదంతా చెరిపేశాను. శనివారం దీదీ మళ్లీ ఎక్కిస్తుంది, ఈలోగా కొంపలేం మునుగుతాయి అనుకున్నాను.

బుధవారం కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది. కంప్యూటర్ మాడిపోయింది, అందులో ఉన్నదంతా పోయింది. డిస్క్ తెమ్మన్నారు. ఇంటికెళ్లి సినిమాలన్నీ తుడిచేసి, ఖాళీ డిస్క్ తెచ్చి బల్ల మీద పెట్టాను. అంత కంగారులోనూ ఆ తెలివి మాత్రం ఉంది. ఛీ!

"ఇదేటి, ఖాళీగుంది?" అన్నాడు యజమాని.

"నాను కాపీ సేసే ఇచ్చేనయ్యా, కసమ్," అని ఒట్టేసింది దీదీ.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమైనా తెరిచేవేట్రా?"

"నై సార్. దీదీ ఇచ్చిందిచ్చినట్టే తెచ్చేను."

ఎంత నిబ్బరంగా చెప్పానో! దీదీ నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. పడలేదు. "సచ్చీ, తమ్ముడూ? నిజంగా ఖాళీదే ఇచ్చేనా?" అంది మెల్లగా. నిలదీయడం కాదది. నిజంగానే అడిగింది. నేను అవునన్నట్టు తలూపాను.

మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు. మా కష్టమంతా గంగలో కలిపిందని పడవలవాళ్లు నానా మాటలూ అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? ఆ ఉద్యోగం ఏడాదికే మానేశాను. మరి ఆ తరవాతైనా నోరెందుకు పెగల్లేదు? ఇప్పుడు చెబితే పాత గాయం కెలికినట్టవుతుంది, ఆమె మంచి కోసమే ఊరుకుంటున్నాను అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఉత్త మాట. భయం, అంతే.

మొన్న డెలానీపూర్‌లో వాళ్లింటి ముందే దీదీ ఎదురుపడింది. రమ్మంటే లోపలికి వెళ్లాను. మళ్లీ ఏ ఆఫీసులోనూ చేరలేదట, పిలిచినా వెళ్లలేదట. తాళం మూడుసార్లు లాగి చూస్తే గానీ మెట్లు దిగదని వాళ్లాయన నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు. "నాకు మరుపు గదా, తమ్ముడూ. ఆ డిస్క్ తలుసుకుంటే ఇప్పటికీ బయ్యమేస్తది," అంది. అప్పుడైనా చెప్పానా? టీ తాగి వచ్చేశాను.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమిస్తే ఆమెకేం ఒరుగుతుంది? ఒక్కసారి రాసి, నా కళ్లతో చదువుకోవాలనిపించింది. దీదీ ఏదీ మరిచిపోలేదు. కాపీ చేసే ఇచ్చింది. చెరిపింది నేను.