బ్యాంకు మూసేసిన మనిషి

లెవై హాస్కిల్ గారు మా విల్లో ఫోర్డ్ బ్యాంకుకు మేనేజరు. భార్య పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం నా పూటకూటింట్లోనే చేసేవారు. ఏది వడ్డించినా తలవంచుకుని తినేవారు, ఉప్పు తక్కువైందని కూడా అనేవారు కాదు.

నెబ్రాస్కాలో వరుసగా వానలు మొహం చాటేసిన కాలం అది. మొక్కజొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. రైతులు పెళ్లాం పిల్లల్ని బళ్లెక్కించుకుని తూర్పు దారి పట్టారు. బ్యాంకులో అప్పు తీర్చేవాడు లేడు, కొత్తగా దాచుకునేవాడూ లేడు. చుట్టుపక్కల ఊళ్లలో బ్యాంకులు ఒక్కొక్కటే మునిగిపోయాయి, దాచుకున్నవాళ్లకు పావు వంతు కూడా దక్కలేదు.

హాస్కిల్ గారు వాటాదారులందరినీ కూర్చోబెట్టి, అందరి డబ్బూ పూర్తిగా ఇవ్వగలిగినప్పుడే మూసేద్దామన్నారు. వాళ్లు ఒప్పుకున్నారు. ఆయన తలుపు మీద కాగితం అంటించి, ఎప్పటిలాగే భోజనానికి వచ్చారు.

ఇనుప సామాన్ల కొట్టు క్రౌచ్ బల్ల దగ్గర కాచుక్కూర్చున్నాడు.

"ఏమయ్యా హాస్కిల్, ఊరికి గొయ్యి తవ్వేశావు కదా! ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?"

"ఎవరి డబ్బూ పోలేదు క్రౌచ్. రేపొచ్చి నీది నువ్వు తీసుకో."

"తీసుకుని ఏం చేయను? నంజుకు తిననా? బ్యాంకు లేని ఊరికి సరుకు అరువిచ్చేదెవడు? ఇక్కడ రైలాపేదెవడు?"

హాస్కిల్ గారు కంచంలో మాంసం అలాగే వదిలేసి లేచిపోయారు.

మర్నాడు నా డబ్బు కోసం నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందు లుద్మిలా ఉంది. యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చిన మనిషి. బావి తవ్వుతుంటే మట్టి విరిగిపడి మొగుడు పోయాడు. పశువుల్ని అమ్మిన సొమ్మంతా ఇక్కడే దాచుకుంది.

"నాకొద్దు బాబూ, మీ దగ్గరే ఉంచండి," అంది. "ఇంటికి తీసుకెళ్తే మా మరిది వాసన పట్టేస్తాడు."

"ఇక బ్యాంకే ఉండదు కదమ్మా."

"బ్యాంకులో వద్దు. మీ ఇంట్లో పెట్టండి. మీరు తినేసే మనిషి కాదు."

వెనకనుంచి క్రౌచ్ పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! కొట్టు కట్టేశాక విధవరాలి సొమ్ము ఇంట్లో దాచుకుంటాడట!"

హాస్కిల్ గారి మొహం కందిపోయింది. నోట్ల కట్ట ఆమె వైపు తోశారు. "తీసుకెళ్లమ్మా. పక్క ఊరి బ్యాంకులో వేసుకో."

"అదీ మునిగితే?"

ఆయన తల పక్కకు తిప్పుకుని నన్ను రమ్మన్నారు.

మంచు పడకముందే మరిది బొహుమిల్ ఆమెను చితకబాది, పిండి డబ్బాలో దాచిన డబ్బు లాక్కుని రైలెక్కేశాడు. మళ్లీ కనబడలేదు. తినడానికి గింజ లేక, ఇద్దరు ఆడపిల్లలతో ఆమెను పేదల ఆశ్రమానికి పంపేస్తున్నారని నా భోజనాల బల్ల దగ్గరే ఎవరో అన్నారు. హాస్కిల్ గారు చెంచా కింద పెట్టి, గుర్రబ్బండి కట్టించుకుని వెళ్లారు.

అక్కడ జరిగింది తర్వాత లుద్మిలాయే చెప్పింది. ఆయన్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదట. "ఆ రోజు దాచమంటే దాచలేదు. ఇప్పుడెందుకొచ్చారు?" అని అరిచిందట.

"నిజమే. క్రౌచ్ నవ్వుకు భయపడ్డానమ్మా," అన్నారట ఆయన. ఆ మాట విన్నాక ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చిందట.

ఎవరూ కొనక బ్యాంకు భవనం ఆయనకే మిగిలింది. తల్లీపిల్లల్ని అందులో ఉంచారు. ఇనప్పెట్టెలుండే గది గోడలు మందం, చలి దూరదు. పిల్లలు అందులో పడుకునేవారు. ఆయన మాత్రం తన ఇంట్లోనే ఉండేవారు. అయినా ఊరు ఊరుకుంటుందా? ఇద్దరికీ సంబంధం అంటగట్టింది. చర్చి మెట్ల మీద ఆయన్ని చూసి ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ధాన్యం గోదాములో ఆయన చేరిన కొత్త ఉద్యోగం కూడా ఆ మాటల వల్లే ఊడింది. చివరికి రైల్వే యార్డులో బొగ్గు ఎత్తే పనికి కుదిరారు. ఆ నల్లబడిన చేతులతో నా బల్ల దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడి, వంటింటి గుమ్మంలో తిని వెళ్లేవారు.

"ఓమాహాలో మీ చెల్లెలు రమ్మంటోంది కదా, పోకూడదూ?" అన్నానొకసారి.

"వీళ్లకో దారి చూపించాక పోతాను."

రెండో చలికాలం ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. లుద్మిలా గోరువెచ్చని పాలు పట్టేది, ఛాతీకి కొవ్వు రాసేది. ఆయన నిలవలేదు. పాతిపెట్టిన రోజు నేల గడ్డకట్టుకుపోయి గునపం ఓ పట్టాన దిగలేదు. ఆమె, పిల్లలు, నేను, పాస్టరు, గొయ్యి తవ్వినవాడు, అంతే. ఆయన చేతినుంచి పైసాతో సహా డబ్బు లెక్కపెట్టుకున్న ఊళ్లో ఇంకెవరూ రాలేదు. క్రౌచ్ అప్పటికే కొట్టు ఎత్తేసి వెళ్లిపోయాడు.

లుద్మిలా ఇప్పుడు నా వంటింట్లో పనిచేస్తోంది. ఆయన్ని మెచ్చుకోగా నేను వినలేదు. మొన్న ఎవరో బాటసారి తింటూ, ఈ ఊరి బ్యాంకు కూడా జనాన్ని ముంచిందటగా అన్నాడు.

రొట్టె కోస్తున్నదల్లా కత్తి ఆపింది. "ఎవర్నీ ముంచలేదు. అందరివీ అందరికిచ్చేశారు, నాదీ ఇచ్చేశారు," అంది. కత్తి మళ్లీ రొట్టెలో దించింది. "ఇవ్వకపోయుంటే బాగుండేది."

పిల్లలు బడినుంచి వచ్చే వేళైందని పొయ్యి మీద పాలు పెట్టింది.